సోమవారం కడుపునొప్పి

పిల్లల కళ్లకు పరీక్ష ఉంది. పళ్లకు ఉంది. రక్తం తక్కువైందేమో చూడ్డానికీ ఉంది. మరి మనసుకో? ఓ ఇంటికి వచ్చిన చిన్న కాగితం... దాని వెనకున్న పెద్ద సంగతి!

ఆదివారం రాత్రి అన్నాల దగ్గరే మొదలయ్యేది. ‘అమ్మా, కడుపులో ఎలాగో ఉంది’ అనేది. సోమవారం తెల్లారేసరికి అది నొప్పయ్యేది. యూనిఫాం వేసుకుని, రెండు జడలూ వేయించుకుని, సరిగ్గా వీధి మలుపులో ఆటో హారన్ వినిపించే వేళకు ఆ అమ్మాయి మంచం అంచున ముడుచుకుని కూర్చునేది. పద్నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి.

నాన్న ఆర్టీసీలో డ్రైవరు. రాత్రి సర్వీసుకెళితే మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె చేతి కొలత తప్పదని ఆ వీధిలో పేరు. అలాంటి మనిషికి కూతురి నొప్పి కొలత మాత్రం అంతుపట్టలేదు. మొదట వామునీళ్లు పట్టింది. నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాస్ మాత్రలిచ్చాడు. చివరికి టౌన్లో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, స్కానింగ్... అన్నీ అయ్యాయి.

‘ఏం లేదమ్మా, అంతా నార్మల్’ అన్నాడాయన.

ఆ మాటతో అమ్మకు ప్రాణం లేచొచ్చింది. నాన్నకు మాత్రం కోపం వచ్చింది. ‘ఏమీ లేదంటే ఇన్నాళ్లూ నాటకాలాడిందన్న మాటేగా! బడి ఎగ్గొట్టడానికి భలే నేర్చింది’ అన్నాడు. కూతురు తలొంచుకుని విన్నది. బదులు చెప్పలేదు. ఆ తర్వాతి సోమవారం కడుపునొప్పి అనలేదు. ఆ పై సోమవారమూ అనలేదు. బ్యాగు తగిలించుకుని గమ్మున వెళ్లిపోయింది. ‘చూశావా, తగ్గిపోయింది’ అన్నాడు నాన్న. అమ్మ కూడా అలాగే అనుకుంది.

తగ్గింది నొప్పి కాదు. నొప్పి అని చెప్పడం. ఆ తేడా తెలియడానికి ఇంకో మూడు నెలలు పట్టింది!

డైరీలో వచ్చిన కాగితం

ఓ సాయంత్రం స్కూలు డైరీలో మడిచిన కాగితం వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలందరికీ మానసిక ఆరోగ్య పరీక్ష చేస్తారట. అమ్మానాన్నలు కొన్ని ప్రశ్నలకు టిక్కులు పెట్టాలి. పిల్లలు స్కూల్లోనే విడిగా వాళ్ల కాగితం నింపుతారు. ఒప్పుకున్నట్టు కింద సంతకం చేయాలి.

అమ్మ ఒకటికి రెండుసార్లు చదివింది. నాన్న ఒక్కసారి చదివి విసిరేశాడు.

‘మన పిల్లకేమన్నా పిచ్చా? ఇలాంటివాటిలో పేరెక్కితే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరైనా తవ్వి తీస్తే?’

ఆ భయాన్ని తీసిపారేయలేం. మన ఊళ్లలో జ్వరమొస్తే పదిమందికీ చెబుతాం. మనసు బాగోలేకపోతే నాలుగు గోడల మధ్య దాచేస్తాం. ఆమె ఏమీ వాదించలేదు. కాగితాన్ని కుట్టుమిషను సొరుగులో, దారపు కండెల కింద పెట్టింది. రెండు రోజుల తర్వాత, జాకెట్టుకు హుక్కులు కుడుతూ, ఎందుకో మళ్లీ తీసి చూసింది. ఒక ప్రశ్న దగ్గర చూపు ఆగిపోయింది. తలనొప్పి, కడుపునొప్పి, వికారం అంటూ బిడ్డ తరచూ బాధపడుతోందా అన్నది ఆ ప్రశ్న.

మనసు గురించి అడిగే కాగితంలో కడుపునొప్పికేం పని? అదే ఆమెను పట్టేసింది. ఆ రాత్రే సంతకం చేసింది.

సగం పద్నాలుగులోపే...

మానసిక సమస్యలంటే పెద్దవాళ్లకు, బాధ్యతలు మోసేవాళ్లకు వచ్చేవని మనకో నమ్మకం. లెక్కలు మరోలా ఉన్నాయి. పెద్దయ్యాక కనిపించే మానసిక రుగ్మతల్లో దాదాపు సగం పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయని, నాలుగింట మూడొంతులు ఇరవై నాలుగేళ్లలోపే మొలకెత్తుతాయని 2005లో అమెరికాలో వెలువడిన పెద్ద సర్వే ఒకటి తేల్చింది. ప్రపంచవ్యాప్తంగా 10-19 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మన దేశం సంగతి? బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నట్టు తేలింది. పెద్ద నగరాల్లో అది 13.5 శాతం! యాభై మంది ఉన్న క్లాసులో కనీసం ముగ్గురు నలుగురన్న మాట. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాతి రోజులు తెలుగువాళ్లెవరూ అంత తేలిగ్గా మరచిపోలేరు.

మరి ఇంట్లో ఎందుకు తెలియదు? పిల్లల్లో కుంగుబాటు సినిమాల్లో చూపించినట్టు మూల కూర్చుని ఏడవడంలా ఉండదు గనక. చాలామందిలో అది చిరాకుగా బయటపడుతుంది. అమ్మ పిలిస్తే కసురుకోవడం, తలుపు దభాలున వేసుకోవడం, మార్కులు పడిపోవడం, అర్ధరాత్రి దాకా నిద్రపట్టకపోవడం, ఇష్టమైన ఆట మానేయడం... ఇవన్నీ దాని వేషాలే కావచ్చు. మనమేమో ‘వయసు పొగరు’ అనో, ‘ఫోన్ పిచ్చి’ అనో పేరు పెట్టేస్తాం. ఆందోళన అయితే కడుపులోనో తలలోనో నొప్పిగా మారుతుంది. అది నాటకం కాదు. నిజంగానే నొప్పి పుడుతుంది. స్కానింగులో కనపడదంతే!

ఇరవై అయిదు ప్రశ్నలు

ఆ కాగితం లాంటివి ప్రపంచంలో చాలానే ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో రూపొందించిన ఎస్‌డీక్యూ వాటిలో బాగా వాడుకలో ఉన్నది. ఇరవై అయిదే ప్రశ్నలు. అయిదేసి చొప్పున అయిదు భాగాలు. దిగులు, భయాలు ఒక భాగం. మొండితనం, కోపం ఇంకొకటి. కుదురులేకపోవడం మూడోది. తోటిపిల్లలతో ఇబ్బందులు నాలుగోది. అయిదోది మాత్రం సమస్యల గురించి కాదు... ఎదుటివారి బాధ పట్టించుకుంటారా, ఉన్నది పంచుకుంటారా అని అడుగుతుంది. అంటే పిల్లల్లోని మంచినీ లెక్కలోకి తీసుకుంటుంది. ‘నిజం కాదు’, ‘కొంతవరకూ నిజం’, ‘కచ్చితంగా నిజం’... మూడింట్లో ఒకదానికి టిక్కు పెడితే చాలు. అమ్మానాన్నలకు ఒకటి, టీచర్లకు ఒకటి, పదకొండేళ్లు దాటిన పిల్లలకు ఒకటి విడివిడిగా ఉంటాయి.

కుంగుబాటును పసిగట్టడానికి తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఉంది. గత రెండు వారాల్లో ఎలా ఉన్నావని అడుగుతుంది. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఓసారి డాక్టరును కలవమని సూచన. టీనేజీ పిల్లల కోసం దీన్నే కొద్దిగా మార్చి వాడతారు. మరీ చిన్నపిల్లలకూ ఉన్నాయి. 16 నుంచి 30 నెలల వయసులో ఆటిజం ఛాయలేమైనా ఉన్నాయా అని తల్లిదండ్రుల్ని ఇరవై ప్రశ్నలడిగే పద్ధతి ఎం-చాట్.

వీటిలో ఏదీ జబ్బుందని తేల్చదు. ఇది ముఖ్యం. కంటి పరీక్షకు స్కూలుకొచ్చినవాళ్లు గోడ మీది అక్షరాలు చదివిస్తారు. చదవలేకపోతే ఆసుపత్రికి వెళ్లమంటారు. అక్కడికక్కడే కళ్లద్దాలు తగిలించరు కదా! ఇదీ అంతే. లోపల చూడాల్సింది ఏదో ఉండొచ్చని తలుపు తట్టి చెప్పడం వరకే దీని పని.

రెండు కాగితాలు

పదిహేను రోజుల తర్వాత స్కూలు నుంచి ఫోనొచ్చింది. వారానికి రెండు రోజులు వచ్చే కౌన్సెలర్ మాట్లాడాలన్నారు. అమ్మ ఒక్కతే వెళ్లింది. గదిలో కూతురు కూడా ఉంది.

‘కంగారుపడకండమ్మా. పాప ఒప్పుకుంది కాబట్టే మీకు చూపిస్తున్నాను’ అంటూ కౌన్సెలర్ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఒకటి అమ్మ నింపింది. ఇంకొకటి కూతురు నింపింది.

తన కూతురికి మంచి స్నేహితులున్నారన్న చోట అమ్మ ‘కచ్చితంగా నిజం’ అని టిక్కు పెట్టింది. కూతురు ‘నిజం కాదు’ దగ్గర పెట్టింది. దిగులుగా ఉంటుందా అన్న చోట అమ్మ ‘నిజం కాదు’ అంది. కూతురు ‘కచ్చితంగా నిజం’ అంది. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పక్కపక్కన పడుకునే ఇద్దరు రాసిన జవాబులవి.

‘నిజమేంటే?’ అంది అమ్మ. గొంతు పెగల్లేదు.

అప్పుడు బయటపడింది సంగతి. ఎనిమిదో తరగతి అయ్యాక మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చారు. ఈ అమ్మాయికి లెక్కల్లో తగ్గాయి. ‘సి’ సెక్షన్‌లో వేశారు. ఒకటో తరగతి నుంచీ కలిసి చదివిన ముగ్గురు స్నేహితురాళ్లూ ‘ఎ’లోకి వెళ్లారు. కొన్నాళ్లు మధ్యాహ్నం కలిసే తిన్నారు. తర్వాత వాళ్ల టైమ్‌టేబుల్ మారింది. కొత్త సెక్షన్‌లో అప్పటికే జట్లు కుదిరిపోయాయి. ఈ అమ్మాయి నీళ్ల ట్యాంకు పక్కన ఒంటరిగా టిఫిన్ బాక్సు తెరిచేది. సగం తినేది. మిగిలింది పారేసి, ఖాళీ బాక్సు ఇంటికి తెచ్చేది. ఖాళీ బాక్సు చూసి అమ్మ రోజూ సంతోషించేది!

ప్రతి సోమవారం వారం పరీక్ష ఉండేది. దిద్దిన పేపర్లు ఇచ్చేటప్పుడు మార్కులు గట్టిగా చదివేవారు.

‘మరి నాతో ఎందుకు చెప్పలేదే బంగారం?’

‘చెప్పానుగా అమ్మా... కడుపునొప్పని!’

ఆ మాటకు అమ్మ దగ్గర జవాబు లేదు.

ఎక్కువొచ్చిన ప్రతివారికీ జబ్బు ఉండదు

కథ ఇక్కడితో ఆగిపోతే ఈ పరీక్షలు వెంటనే ప్రతి బడిలోనూ పెట్టెయ్యాలనిపిస్తుంది. కానీ అదే స్కూల్లో అదే రోజు ఇంకోటి కూడా జరిగింది. పక్క వీధి కుర్రాడికీ మార్కులు ఎక్కువే వచ్చాయి. కౌన్సెలర్ పిలిచి మాట్లాడితే తెలిసిందేమంటే, పరీక్షకు వారం ముందే వాళ్ల తాత పోయాడు. చిన్నప్పటి నుంచీ భుజాన మోసిన తాత. ఏడవాల్సిన సమయంలో ఏడుస్తున్నాడు, అంతే. అది జబ్బు కాదు. నెల తిరిగేసరికి తేరుకున్నాడు. కానీ ఆ లోపు అతని పేరు స్టాఫ్‌రూమ్‌లో ఎవరి నోటనో జారింది. క్లాసులో నలుగురు ‘మెంటల్’ అని పిలవడం మొదలెట్టారు. తాత పోయిన బాధ కంటే ఆ పిలుపు మానడానికే అతనికి ఎక్కువ కాలం పట్టింది.

ఓ చిన్న లెక్క వేద్దాం. వెయ్యిమంది పిల్లలున్నారు. నిమ్‌హాన్స్ సర్వే ప్రకారం చూస్తే వాళ్లలో 73 మందికి సమస్య ఉంటుంది. మన ప్రశ్నాపత్రం నూటికి ఎనభైసార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. 73 మందిలో 58 మందిని పట్టుకుంటుంది. 15 మందిని వదిలేస్తుంది. మిగిలిన 927 మందికి ఏ సమస్యా లేకపోయినా, వాళ్లలో సుమారు 185 మందికి ‘ఓసారి చూపించండి’ అంటుంది. అంటే పిలిపించిన 243 మందిలో నిజంగా సాయం కావాల్సినవాళ్లు నలుగురిలో ఒక్కరే! పరీక్ష చెడ్డదని కాదు దీనర్థం. మార్కులు చూసి ముద్ర వేయకూడదని. మార్కులు తక్కువొచ్చాయి కదా అని నిశ్చింతగా ఉండకూడదని కూడా.

అందుకే ఏ పిల్లాడి కాగితమైనా తాళం వేసిన బీరువాలో ఉండాలి. సిబ్బంది కబుర్లలో కాదు. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

అడిగితే లేని ఆలోచన పుడుతుందా?

తల్లిదండ్రుల్ని వేధించే ఇంకో భయముంది. ‘చచ్చిపోవాలనిపిస్తోందా అని పిల్లల్ని అడగడమేంటి? లేనిపోని ఆలోచన మనమే పెట్టినట్టు కాదూ?’

ఈ ప్రశ్నకు పరిశోధకులు జవాబు వెతికారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థుల్ని రెండు భాగాలు చేశారు. ఒక సగాన్ని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు. రెండో సగాన్ని మొదట అడగలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే, అడిగినందువల్ల బాధ గానీ అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగుబాటులో ఉన్న పిల్లలకైతే ఎవరో ఒకరు అడగడం కాస్త ఊరటగా కూడా అనిపించినట్టుంది. 2005లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మెత్తగా, సూటిగా, కోప్పడకుండా అడగొచ్చు. అడగాలి కూడా. అలాంటి ఆలోచన వస్తోందని బిడ్డ చెబితే తిట్టకుండా, ఒట్లు వేయించుకోకుండా, ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అయితే ఎవరిని ఏ వయసులో అడగాలన్న దాని మీద నిపుణులూ ఆచితూచి మాట్లాడతారు. 2022 అక్టోబరులో అమెరికాలో ముందస్తు పరీక్షలపై సలహాలిచ్చే నిపుణుల బృందం 12-18 ఏళ్లవారికి కుంగుబాటు, 8-18 ఏళ్లవారికి ఆందోళన పరీక్షలు మేలని చెప్పింది. అంతకంటే చిన్నవాళ్లకు మేలో కీడో తేల్చడానికి ఆధారాలు చాలవంది. 2025లో అక్కడి ఇల్లినాయ్ రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసి, 2027-28 నుంచి మూడో తరగతి మొదలు పన్నెండు దాకా ఏటా ప్రభుత్వ బళ్లలో ఈ పరీక్ష జరగాలని చట్టం చేసింది. ఇష్టం లేని తల్లిదండ్రులు వద్దనే వీలుంచింది.

అడిగినవాళ్లు ఆగి వినాలి

ఏ జబ్బుకైనా ముందస్తు పరీక్షలు ఎప్పుడు పెట్టాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు 1968లోనే కొన్ని సూత్రాలు రాశారు. వాటిలో ఒకటి పల్లెటూరి మనిషికీ తెలిసేదే. వైద్యం చేసే ఏర్పాటు ఉన్నప్పుడే వెతుకు. కనిపెట్టి, ‘నీకిది ఉంది, కానీ చూపించుకోవడానికి చోటు లేదు’ అంటే అంతకన్నా పాపం ఉండదు.

మనకు కాగితాలకు కొదవలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని చూడాలి. వెతకాల్సిన వాటిలో ఆటిజం, చదువులో వెనకబాటుకు కారణమయ్యే లోపాలు, కుదురులేనితనం కూడా ఉన్నాయి. 2014లో వచ్చిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్లవారి మానసిక ఆరోగ్యాన్నీ తన పనిగా చెప్పుకుంది.

కొదవ ఉన్నదల్లా మనుషులకే. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా పూర్తిగా లేడు. సుమారు 0.75 అని లెక్క! పిల్లల మానసిక వైద్యులైతే మరీ అరుదు. పెద్ద ఊళ్లు దాటితే కనపడరు. అందుకే డాక్టరు దాకా వెళ్లక ముందే బడిలో వినేవాళ్లు ఉండటం అంత అవసరం.

ఈ మాటనే 2025 జులై 25న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని మృతి కేసులో తీర్పునిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ పదిహేను మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. అంతకంటే చిన్నవైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సాయం అందించే ఫోన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం వీలైనంతవరకూ మానాలి. పదిమందిలో అవమానించకూడదు.

‘ఎ’, ‘బి’, ‘సి’ సెక్షన్ల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లిందన్న మాట! ఎంతమంది పిల్లల సోమవారాలు దాని వెనక ఉన్నాయో.

ఇంట్లో మనమేం చేయొచ్చు?

కాగితం వచ్చేదాకా ఆగక్కర్లేదు. నిద్ర, తిండి, చదువు, ఆట, స్నేహాలు... ఈ అయిదింటిలో ఏ రెండో మూడో రెండు వారాలకు మించి తారుమారైతే అడగాల్సిందే. నొప్పులకు మొదట మామూలు డాక్టరుకు చూపించాలి. అన్నీ బాగున్నాయంటే, ‘నాటకం’ అనుకోకుండా మనసు వైపు చూడాలి. ‘ఏమైంది?’ అని ఎదురుగా కూర్చుని నిలదీస్తే ఏ పిల్లా చెప్పదు. ఏదో పని చేసుకుంటూ, పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఈ మధ్య మధ్యాహ్నం ఎవరితో తింటున్నావ్?’ లాంటి చిన్న ప్రశ్న అడిగితే ఏదో ఒకటి దొర్లుతుంది. చెప్పేటప్పుడు మధ్యలో సలహా ఇవ్వకుండా ఉండటం మహా కష్టం. అదే అసలు పని!

స్కూలు నుంచి ఇలాంటి కాగితం వస్తే చించేయకుండా నాలుగు సంగతులు అడగండి. జవాబులు ఎవరు చూస్తారు? ఎక్కడ భద్రపరుస్తారు? మార్కులు ఎక్కువొస్తే పిల్లతో ఎవరు మాట్లాడతారు? అవసరమైతే ఎక్కడికి పంపుతారు? వీటికి సరైన జవాబుంటే సంతకం చేయండి. లేకపోతే ఏర్పాటు చేయమని తల్లిదండ్రులు నలుగురూ కలిసి గట్టిగా అడగండి.

దగ్గర్లో ఎవరూ లేరనుకుంటే 14416 ఉంది. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరిది. ఇరవై నాలుగ్గంటలూ ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలే చేయొచ్చు, పెద్దలైనా చేయొచ్చు. పిల్లలు ఆపదలో ఉంటే 1098 ఉండనే ఉంది.

మళ్లీ వచ్చిన కాగితం

ఆ అమ్మాయిని కౌన్సెలర్ సలహాతో జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించారు. మొదటిసారి నాన్న రాలేదు. రెండోసారి డ్యూటీ మార్చుకుని వచ్చాడు. గది బయట బెంచీ మీద తలొంచుకుని కూర్చున్నాడు, ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని. చూశారు కూడా. డిపోలో తనతో పనిచేసే కండక్టరు. ఆయనా కొడుకును తీసుకొచ్చాడు. ఇద్దరూ కాసేపు బస్సుల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత పిల్లల గురించి.

ఆందోళన ఎక్కువగా ఉందన్నాడు డాక్టరు. మందులు రాయలేదు. వారం వారం వచ్చి మాట్లాడమన్నాడు. భయం వేసినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో, తప్పించుకోవాలనిపించిన చోటికి కొద్దికొద్దిగా ఎలా వెళ్లాలో నేర్పించారు. స్కూల్లో మార్కులు బయటికి చదవడం మాన్పించడానికి కౌన్సెలరే హెడ్‌మాస్టరుతో మాట్లాడింది. సెక్షన్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ అమ్మాయి కడుపునొప్పీ పూర్తిగా పోలేదు. నెలకోసారి వస్తుంది. ఇప్పుడు వచ్చిందని చెబుతుంది. నాన్న ‘నాటకం’ అనడు. ‘ఆటోలో వద్దులే, నేను దింపుతా పద’ అంటాడు.

సాయంత్రాలు తల్లీకూతుళ్లు మిషను దగ్గర కూర్చుంటారు. అమ్మ జాకెట్టు కుడుతుంది. కూతురు హుక్కులు కుడుతుంది. చేతులు పనిలో ఉంటాయి కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. మాటలు వాటంతటవే వస్తుంటాయి. ‘సి’ సెక్షన్‌లో ఓ స్నేహితురాలు దొరికింది. లెక్కల్లో ఇద్దరికీ ఒకే భయం!

పదో తరగతిలోకి వచ్చాక డైరీలో మళ్లీ అదే కాగితం వచ్చింది. ఈసారి నాన్నే ముందు చూశాడు. ‘ఏమే, ఇదిగో, వచ్చింది’ అని అందించాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని పెన్ను తీసింది. మంచి స్నేహితులున్నారా అన్న ప్రశ్న దగ్గరికి వచ్చింది. పోయినేడాది రెండో ఆలోచన లేకుండా టిక్కు పెట్టేసిన చోటది.

పెన్ను పక్కన పెట్టి, లోపలి గదిలోకి కేకేసింది.

‘అమ్మలూ, ఒకసారి ఇలా రావే. ఇది నువ్వు చెబితే రాస్తా.’